ఇంట్లో ఐ7 ఉండగా ఐ3 కొంటే వెనక్కి నడిచినట్టా?

కావలి నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పెద్దదే రాశారు, పేరు వేయొద్దన్నారు, అందుకని విషయం నా మాటల్లో చెబుతాను. ఆమెకు ముప్పై మూడేళ్లు. భర్త ఎరువుల షాపులో లెక్కలు రాస్తారు. ఈమె ఇంట్లోనే కూర్చుని ఊళ్లోని రెండు స్టూడియోలకు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తారు, షీటుకు ఇంత అని లెక్క. పని చేసే ల్యాప్‌టాప్ బావగారిది, అంటే భర్తకు అన్న. ఆయన 2015లో బెంగళూరులో కొనుక్కుని, 2020లో తాను కొత్తది తీసుకున్నాక దీన్ని వీళ్లకు ఇచ్చారు. ఇంటెల్ వాళ్ల ఐ7-5500యు ప్రాసెసర్ (ఇంటెల్ చిప్పుల్లో ఐ3, ఐ5, ఐ7 అని వరుసలు, ఐ7 పైది), 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఇచ్చినప్పుడు ఇల్లంతా సంబరపడ్డారట, ఐ7 అంటే మాటలా అని.

ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్‌లో ఒక్క షీటు సేవ్ అవడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతోంది. మాఘమాసంలో పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా మీద పడ్డప్పుడు ఆల్బమ్‌లు ఆలస్యమై, ఒక స్టూడియో ఆయన సగం పని నెల్లూరులో ఇంకెవరికో ఇచ్చేశాడు. చీటీ పాడితే 60 వేలు చేతికొస్తాయి, దాంతో డెస్క్‌టాప్ కొందామని ఈమె ఆలోచన. రెండు కొటేషన్లు తెచ్చుకున్నారు. నెల్లూరులో ఒక షాపులో ఐ7 అసెంబుల్డ్ సిస్టమ్, మానిటర్‌తో కలిపి 17 వేలు. కావలిలోనే తెలిసిన అబ్బాయి ఐ3-12100, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీతో (తిరిగే భాగాలు లేని, చాలా వేగమైన డిస్క్) మానిటర్ లేకుండా 34 వేలు చెప్పాడు. ఈ రెండోది ఫ్యామిలీ గ్రూపులో పెట్టి అభిప్రాయం అడిగితే బావగారు “ఐ7 ఇస్తే ఐ3 కొంటారా, వెనక్కి నడుస్తున్నారే” అని నవ్వే బొమ్మలు మూడు పెట్టారు. అంతే, ఇంట్లో గాలి మారిపోయింది. భర్త అన్న మాట కాదనలేరు, పైగా “కరెంటు పోతే ల్యాప్‌టాప్ అయితే ఆగదు కదా” అంటున్నారు. అత్తగారేమో “ఉండేదాన్ని పెట్టుకోని ఇంకోటి ఎందుకు” అని. దీనికి తోడు సింగరాయకొండలో ఉన్న అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, నెలలో పది రోజులు అక్కడే ఉండాల్సి వస్తోంది. ఆమె అడిగింది రెండు ప్రశ్నలు: నిజంగా ఐ3 ఆ ఐ7 కంటే మెరుగా? మెరుగే అయితే బావగారికి ఎలా చెప్పాలి?

చూడండమ్మా, మొదటిదానికి సమాధానం సూటిగా చెప్పేస్తా, తర్వాత చిక్కుముడి విప్పుకుందాం. అవును, మెరుగే. కొద్దో గొప్పో కాదు, చాలా మెరుగు. ఒక్క కోర్ (ప్రాసెసర్ లోపల పని చేసే భాగం) మీద నడిచే పనుల్లో మీ ల్యాప్‌టాప్ కంటే ఐ3-12100 రెట్టింపుకు పైనే చేస్తుంది, అన్ని కోర్లూ కలిసి చేసే పనుల్లో నాలుగైదు రెట్లు. మీ బావగారు అబద్ధం చెప్పలేదు, ఆయన చూసిన కాలంలో ఐ7 అన్న మాటకు ఆ విలువ ఉంది, కానీ ఆ అంకె చెప్పేది ఒక్కటే: ఆ సంవత్సరంలో, ఆ కుటుంబంలో, ఇది పై వరుసలోది అని. 2015 బ్యాచ్‌లో ఫస్టు వచ్చిన పిల్లాడి మార్కులు 2022 బ్యాచ్‌లో మూడో ర్యాంకు పిల్లాడి మార్కుల పక్కన పెట్టి చూడాలి తప్ప, ఫస్టు పెద్దదా థర్డు పెద్దదా అని వాదిస్తే ఏం తేలుతుంది?

మీ ప్రాసెసర్ పేరులో ఐ7 తర్వాత వచ్చే అంకెలూ అక్షరమూ అసలు సంగతి చెబుతాయి. 5500లో ముందున్న 5 అంటే ఐదో తరం, 2015 మొదట్లో వచ్చింది. చివర యు అని ఉంది చూశారా, అది పల్చటి ల్యాప్‌టాప్‌ల కోసం, బ్యాటరీ ఎక్కువసేపు రావాలని తక్కువ కరెంటుతో సరిపెట్టుకునేలా చేసిన రకం. దాని పరిమితి 15 వాట్లు. ఇంట్లో ఎల్ఈడీ బల్బుకు కాస్త అటూ ఇటూ. అందుకే పేరుకు ఐ7 అయినా అందులో ఉన్నవి రెండే కోర్లు, నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపించగల పనుల వరసలు), 2.4 గిగాహెర్ట్జ్ మామూలు వేగం, ఊపు వస్తే 3.0, లోపల క్యాష్ (ప్రాసెసర్ చేతికింద ఉంచుకునే చిన్న మెమరీ) 4 ఎంబీ. అదే 12100 అంటే పన్నెండో తరం, 2022 జనవరిది. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 3.3 నుంచి 4.3 గిగాహెర్ట్జ్, క్యాష్ 12 ఎంబీ, మామూలుగా 60 వాట్లు, గట్టిగా పనిచేసేటప్పుడు 89 దాకా తాగడానికి అనుమతి. పైగా గిగాహెర్ట్జ్ ఒకటే అయినా కొత్త కోర్ ఒక్క సెకనులో పాతదాని కంటే ఎక్కువ పని తీసేస్తుంది, డిజైనే మారిపోయింది. కాబట్టి 3.0కీ 4.3కీ ఉన్న తేడా చూసి “ఇంతేనా” అనుకోవద్దు. ఈ లెక్కన మీరు తూచుతున్నది ఐ7ని ఐ3తో కాదు, బ్యాగులో పెట్టుకుని తిరగడానికి చేసిన పాత ప్రాసెసర్‌ని బల్ల మీద కూర్చుని పని చేయడానికి చేసిన కొత్తదానితో. ఈ అంకెల మోత ఇంటెల్ వాళ్లకే బరువైందో ఏమో, 2023 చివర్లో వచ్చిన కోర్ అల్ట్రా నుంచి పేరులో ఆ ‘ఐ’ అక్షరమే తీసేశారు.

ఇక్కడి దాకా చదివి రేపే చీటీ పాడేద్దాం అనుకోకండి. ఎందుకంటే మీ షీటు సేవ్ కావడానికి నాలుగు నిమిషాలు పడుతున్నది ప్రాసెసర్ వల్లే అని మీరూ, మీ స్టూడియో ఆయనా, ఆ కావలి అబ్బాయీ అందరూ అనేసుకున్నారు. నాకు ఆ నమ్మకం లేదు.

మీరు 12 బై 36 అంగుళాల షీట్లు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అని రాశారు. లెక్క వేసి చూడండి. 36 అంగుళాలు అంటే 10,800 పిక్సెళ్లు, 12 అంగుళాలు అంటే 3,600. మొత్తం 3 కోట్ల 88 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగులకు మూడు బైట్లు, అంటే షీటు నిండా పరుచుకున్న ఒక్క లేయరుకే (ఫోటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చే పొర) దాదాపు 117 ఎంబీ. మీరు ఒక బ్యాక్‌గ్రౌండు, దాని మీద మంగళ స్నానం ఫోటోలు ఐదారు, పైన పూల క్లిప్‌ఆర్టు, అడుగున నీడలు, పేర్లు అంటూ పది పన్నెండు లేయర్లు పేర్చితే చిన్నవీ పెద్దవీ కలిసి ఒక జీబీ దాటిపోతుంది, అన్‌డూ కోసం దాచుకునే హిస్టరీ దీనికి అదనం. 8 జీబీలో విండోస్ తన వాటా తాను తీసేసుకుంటుంది, పక్కన క్రోమ్‌లో వాట్సాప్ వెబ్ తెరిచే ఉంటుంది (తెరిచే ఉంటుందని నాకు తెలుసు, స్టూడియో వాళ్లు ఫోటోలు పంపేది అందులోనే కదా). రెండు షీట్లు ఒకేసారి తెరిచారా, ర్యామ్ నిండింది. నిండగానే ఫోటోషాప్ మిగతాది హార్డ్ డిస్క్ మీద రాసుకోవడం మొదలుపెడుతుంది, దాన్నే స్క్రాచ్ డిస్క్ అంటారు. ల్యాప్‌టాప్‌లో తిరిగే డిస్క్ ఎంత బాగున్నా సెకనుకు 100 ఎంబీ అటూ ఇటూ. అదే డిస్క్ మీద ఒక పక్క స్క్రాచ్ చదవాలి, ఇంకో పక్క ఫైలు రాయాలి, మధ్యలో విండోస్ తన పనేదో చూసుకోవాలి, ముల్లు అటు పరిగెత్తి ఇటు పరిగెత్తి ఆ 100 కాస్తా పదికో ఇరవైకో పడిపోతుంది. మీ నాలుగు నిమిషాలు అక్కడ పోతున్నాయని నా అనుమానం.

అనుమానం అన్నాను కాబట్టి తేల్చుకునే దారి కూడా చెబుతా, పైసా ఖర్చు లేదు. ఈసారి బరువైన షీటు సేవ్ కొట్టే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నదాంట్లోకి వెళ్లి, సేవ్ అవుతున్నంతసేపూ చూస్తూ ఉండండి. డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, మెమరీ (ర్యామ్) 90 దాటి, సీపీయూ (ప్రాసెసర్) మాత్రం 30, 40 దగ్గర తిరుగుతుంటే నేరం హార్డ్ డిస్క్‌దీ ర్యామ్‌దీ. ఒక షీటు మీద పెద్ద బ్లర్ ఫిల్టరు వేస్తున్నప్పుడో, నలభై షీట్లు ఒకేసారి జేపీజీలుగా మారుస్తున్నప్పుడో సీపీయూ 100కు వెళ్లి కూర్చుంటే అది ప్రాసెసర్ చేతకానితనం. రెండూ కనిపించొచ్చు కూడా. ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి, వీటితో తర్వాత పని ఉంది.

అదే చోట సీపీయూ కింద స్పీడ్ అని ఒక అంకె ఉంటుంది, దాన్నీ చూడండి. మీరు ఉత్తరం చివర్లో ఒక మాట రాసి వదిలేశారు, నా కన్ను దాని మీదే పడింది. పాత ఛార్జర్ కాలిపోతే ట్రంకు రోడ్డులో డూప్లికేటు కొన్నామని, ఆ తర్వాతే స్లో అయిందనిపిస్తోందని. కొన్ని బ్రాండ్ల ల్యాప్‌టాప్‌లు తమది కాని ఛార్జర్‌ను గుర్తుపట్టకపోతే ప్రాసెసర్ వేగాన్ని కావాలనే తొక్కిపెడతాయి. పని నడుస్తున్నప్పుడు కూడా ఆ స్పీడ్ 1 గిగాహెర్ట్జ్ దగ్గరో అంతకంటే కిందో ఉండిపోతే, ముందు ఛార్జర్‌ను అనుమానించండి, తర్వాత వేడిని. పదేళ్ల ల్యాప్‌టాప్, తుమ్మలపెంట రోడ్డు వైపు ఇల్లు, సముద్రపు గాలి, రోహిణి కార్తె ఎండలు. ఫ్యాను నిండా దుమ్ము, ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు ఎండి పెంకు కట్టి ఉంటుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. సర్వీసు షాపులో విప్పించి దులిపించి పేస్టు మార్పిస్తే పోయేది కొద్ది డబ్బే, చాలామంది ఇది చేయకుండానే సిస్టమ్ మార్చేస్తారు.

ఇంకో చిన్న కిటుకు. ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ హ్యాండ్లింగ్ అన్నచోట పీఎస్‌డీ ఫైళ్ల (ఫోటోషాప్ సొంత ఫైళ్లు) కంప్రెషన్, అంటే కుదింపు, ఆపేసే టిక్కు ఒకటి ఉంటుంది. అది పెడితే ఫైలు సైజు పెరుగుతుంది కానీ సేవ్ చేసేటప్పుడు ప్రాసెసర్ మీద భారం తగ్గుతుంది. మీ ఇప్పటి హార్డ్ డిస్క్ మీద మాత్రం దీనివల్ల మేలు జరగకపోగా ఆలస్యం పెరగొచ్చు, ఎస్ఎస్‌డీ వచ్చాక పెట్టుకోండి.

ఇప్పుడు దారులు. మొదటిది, ఉన్న ల్యాప్‌టాప్‌నే బాగుచేసుకోవడం. హార్డ్ డిస్క్ తీసేసి దాని చోట పట్టే సాటా రకం ఎస్ఎస్‌డీ, ర్యామ్ 16 జీబీకి. ఎస్ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీ దాకా ఇస్తుంది, స్క్రాచ్ కోసం అటూ ఇటూ తిరగాల్సిన ముల్లు అందులో ఉండదు, కాబట్టి మీ సేవ్ నిమిషాల్లోంచి సెకన్లలోకి రావచ్చు. 60 వేలలో చాలా భాగం మిగులుతుంది, బావగారి మాటా నిలబడుతుంది, అత్తగారూ ఊరుకుంటారు, సింగరాయకొండకు మోసుకుపోవచ్చు. అయితే ప్రాసెసర్ మాత్రం అదే ఉంటుంది, ఈ రకం ప్రాసెసర్‌ను బోర్డుకు అతికించేసి ఉంచుతారు, మార్చడం కుదరదు. నలభై షీట్ల ఎక్స్‌పోర్టుకు పట్టే టైము పెద్దగా తగ్గదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆపేసింది, విండోస్ 11 ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది, మీది ఐదో తరం. అడ్డదారిలో ఎక్కించేవాళ్లు ఉన్నారు, కానీ అన్నం పెట్టే మెషీన్ మీద నేను ఆ పని చేయమనను. అంటే ఈ దారిలో మీరు ఒకటి రెండు సీజన్లు గడపగలరు, ఐదేళ్లు కాదు.

ఒకవేళ ఈ దారి పట్టినా ఒకటి గుర్తుంచుకోండి. ఎస్ఎస్‌డీ మీద పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు, రేపు డెస్క్‌టాప్ కొంటే విప్పి అందులో పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్‌కు వేసే డీడీఆర్3 ర్యామ్ కొత్త బోర్డుల్లో దేనికీ పనికిరాదు, ఆ డబ్బు దాంతోనే పోతుంది. కాబట్టి డెస్క్‌టాప్ ఆరు నెలల్లో ఎలాగూ కొంటాను అనుకుంటే ఎస్ఎస్‌డీ ఒక్కటే వేయించి ఆగండి.

రెండోది, నెల్లూరు షాపు ఐ7. ఈ ఒక్కదాని మీద మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. కొటేషన్‌లో చిన్నక్షరాలతో ఐ7-3770 అని ఉందని మీరే రాశారు. అది 2012 నాటి మూడో తరం. అంటే మీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ కంటే మూడేళ్లు పాతది. పాత ఆఫీసు కంప్యూటర్లు లాట్లుగా అమ్మేసినప్పుడు వాటిలోంచి తీసిన ప్రాసెసర్‌ను పేరులేని బోర్డు మీద కూర్చోబెట్టి, రంగు లైట్ల క్యాబినెట్‌లో పెట్టి, పైన ఐ7 స్టిక్కరు అంటిస్తారు. నాలుగు కోర్లు, 77 వాట్లు కాబట్టి మీ ల్యాప్‌టాప్ కంటే వేగంగానే ఉంటుంది, అది కాదనను. కానీ ఐ3-12100లో దాదాపు సగమే, విండోస్ 11 ఎక్కదు, కొత్త సాఫ్ట్‌వేర్లు చాలా వాడుకునే ఏవీఎక్స్2 అనే ఆదేశాల సెట్టు అందులో అసలు లేదు, అది 2013లో నాలుగో తరంతో వచ్చింది. బోర్డు పోతే అలాంటిది మళ్లీ దొరకడం మీ అదృష్టం. బావగారి నోరు మూయించడానికి ఐ7 స్టిక్కరు కావాలంటే 17 వేలు పెట్టక్కర్లేదు, స్టిక్కరు ఒక్కటే విడిగా దొరుకుతుంది.

మూడోది, కావలి అబ్బాయి ఐ3-12100. చేతిలో డబ్బు ఉంటే, టాస్క్ మేనేజర్‌లో సీపీయూ కూడా 100 కొడుతుంటే, నేనైతే ఇటే మొగ్గుతా. 16 జీబీతో మొదలుపెట్టి రెండో స్లాటు ఖాళీగా ఉంచమనండి, ర్యామ్ ధరలు ఈ మధ్య మండిపోతున్నాయి కాబట్టి 32కు తర్వాత వెళ్లొచ్చు. ఈ ప్రాసెసర్ కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్‌లోనే 12, 13, 14 తరాలవి పడతాయి, రేపు పని పెరిగితే బోర్డు మార్చకుండా ఆరు కోర్ల ఐ5-12400 వేసుకోవచ్చు, ఈ వీలు ల్యాప్‌టాప్‌లో లేదు. బిల్లు రాయించేటప్పుడు 12100 పక్కన ఎఫ్ అక్షరం ఉందేమో చూడండి. 12100ఎఫ్ కాస్త చౌక, కానీ అందులో గ్రాఫిక్స్ ఉండవు, విడిగా కార్డు లేకపోతే మానిటర్ నల్లగా ఉండిపోతుంది. ఎఫ్ లేనిదాంట్లో ఉండే గ్రాఫిక్స్ ఆల్బమ్ పనికి సరిపోతుంది, ఏఐతో నాయిస్ (ఫోటోలో కనిపించే గరుకు చుక్కలు) తీసే పనులకు మాత్రం నెమ్మదే. స్టూడియో ఆయన టీజర్ వీడియోలు కూడా చేస్తారా అని అడిగారన్నారు కదా, దానికీ ఎఫ్ లేనిదే కావాలి. ఇప్పటి కెమెరాలు ఇచ్చే హెచ్.265 (బాగా కుదించిన రకం) వీడియోలు, ఎక్కువ రంగు వివరాలు ఉండే 10 బిట్ 4:2:2 రకంతో సహా, ఆ గ్రాఫిక్స్ భాగమే విప్పి చూపిస్తుంది. మీ పాత ల్యాప్‌టాప్‌లో ఆ వీడియో ప్లే చేస్తే నత్త నడకే. ప్రాసెసర్ డబ్బాలో సీలు వేసి వచ్చినదేనా అనీ అడగండి. డబ్బా అయితే ఇంటెల్ మూడేళ్ల వారంటీ, కూలింగ్ ఫ్యాను కూడా అందులోనే వస్తాయి. డబ్బా లేని ట్రే పీసులు విడిగా అమ్ముతారు, ధర తగ్గుతుంది, ఫ్యాను రాదు, వారంటీ అమ్మినవాడి మాట మీద ఉంటుంది.

మానిటర్ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు, నాకు అది ఆశ్చర్యం. 2015 నాటి ల్యాప్‌టాప్ తెర పక్కకు వంగి చూస్తే రంగు మారిపోయే రకం అయ్యుంటుంది. పెళ్లికూతురి పట్టుచీర మీ తెర మీద కుంకుమ రంగు, ల్యాబ్ నుంచి ప్రింటు వచ్చాక ఇటుక రంగు, ఈ గొడవ మీకు తెలియనిది కాదు. చీటీ డబ్బులో మిగిలింది పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ ప్యానెల్ ఉన్న మానిటర్‌కు పెట్టండి, ఎస్‌ఆర్‌జీబీ (తెరలకు ప్రామాణికంగా పెట్టుకున్న రంగుల పరిధి) దాదాపు పూర్తిగా చూపిస్తుందా అని అడిగి తీసుకోండి. ఐ3 నుంచి ఐ5కు ఎక్కడం కంటే మీ పనికి ఇది ఎక్కువ అక్కరకొస్తుంది.

కరెంటు సంగతి. మీ ఆయన అన్నది సూత్రంగా నిజం, మీ ఇంట్లో అబద్ధం. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ప్లగ్గు కదిలితే ఆగిపోతుంది అని మీరే రాశారు, ఇంక కరెంటు పోతే ల్యాప్‌టాప్ ఎలా నడుస్తుంది? ఆ బ్యాటరీ ఉబ్బి ఉందేమో ముందు చూపించండి, ఉబ్బితే తీయించేయండి, అది ప్రమాదం. డెస్క్‌టాప్ అయితే 600 వీఏ యూపీఎస్ ఒకటి కావాలి, మానిటర్‌తో కలిపి పావుగంట వస్తుంది, షీటు సేవ్ చేసి ఆపేయడానికి అది చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్చు ఉందేమో చూడండి, దానిలో పెడితే చాలాసార్లు డెస్క్‌టాప్ ఆగకుండా నిలబడుతుంది. తుఫాను రోజుల్లో మాత్రం ఏదున్నా లాభం లేదు, అది కావలి వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బిల్లు విషయానికొస్తే రోజుకు ఎనిమిది గంటలు వాడితే ల్యాప్‌టాప్ కంటే నెలకు పదిహేను ఇరవై యూనిట్లు ఎక్కువ కాలుతుంది, ఒక ఆల్బమ్ త్వరగా ఇస్తే వచ్చేదాని ముందు అది లెక్కలోది కాదు.

డెస్క్‌టాప్‌కు నిజంగా అడ్డం వచ్చేది సింగరాయకొండ. నెలలో పది రోజులంటే మూడో వంతు పని. డెస్క్‌టాప్‌ను ప్యాసింజరు రైల్లో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లలేరు. అమ్మ కోలుకునే దాకా రెండు మూడు నెలలే అనుకుంటే ఆ పది రోజులు ల్యాప్‌టాప్‌లో ఫోటోలు ఏరడం, లేఅవుట్ వరస వేసుకోవడం లాంటి తేలిక పని చేసి, బరువైన పని ఇంటికొచ్చి చేసుకోవచ్చు. ఎనీడెస్క్ లాంటిది పెట్టుకుంటే అక్కడి నుంచే ఇంట్లో కంప్యూటర్ తెర తెరుచుకోవచ్చు కూడా, మీ ఆయన షాపుకు వెళ్లే ముందు ఆన్ చేసి వెళ్లాలి, రంగులు దిద్దే పని మాత్రం దాని మీద పెట్టుకోవద్దు. అలా కాదు, ఈ రాకపోకలు ఏడాది పైన సాగేలా ఉన్నాయంటే నాలుగో దారి ఉంది: ఆ 60 వేలకు కొత్త ల్యాప్‌టాపే. ఐ3-12100 లాంటి డెస్క్‌టాప్ ఇచ్చేంత పని, మంచి తెర, 16 జీబీ అన్నీ ఆ డబ్బులో ల్యాప్‌టాప్‌లో దొరకడం కష్టం, ఏదో ఒకటి తగ్గించుకోవాలి. చివర యు ఉన్నవి వద్దు, హెచ్ ఉన్నవి చూడండి, అవి ఎక్కువ వాట్లు తీసుకుని ఎక్కువ పని చేస్తాయి. అమ్మ దగ్గర ఎన్నాళ్లు ఉండాల్సి వస్తుందన్నది డాక్టరును అడిగి తెలుసుకున్నాకే చీటీ పాడండి, నా మాట విని కాదు.

ఇక బావగారు. ఆయన మీద మీకు కోపం ఉంది, ఉత్తరంలో తెలుస్తోంది, నవ్వే బొమ్మల గురించి రెండుసార్లు రాశారు. కానీ ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. 2015లో ఆయన తన జీతంతో కొన్న ఖరీదైన వస్తువు అది, తమ్ముడి ఇంటికి ప్రేమగా ఇచ్చారు. మీరు గ్రూపులో పెట్టిన కొటేషన్ ఆయనకు “నువ్విచ్చింది చెత్త” అన్నట్టు వినిపించి ఉండొచ్చు. ఆయన దాని మీద చేసింది మెయిళ్లు, కోడింగ్, సినిమాలు. 12 బై 36 షీటు పన్నెండు లేయర్లతో ఆయన ఎప్పుడూ తెరిచి ఉండరు.

చెప్పకుండా కొనేయడం ఒక పద్ధతి. డబ్బు మీది, పని మీది, ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది నిజం. కాకపోతే సంక్రాంతికి ఆయన ఇంటికొచ్చి బల్ల మీద డెస్క్‌టాప్ చూస్తారు, అప్పుడు మాట పడేది మీరు కాదు, మీ ఆయన. గ్రూపులో అంకెలు పెట్టి వాదించడం ఇంకో పద్ధతి, అందులో మీరే గెలుస్తారు, గెలిచాక ఆయన పది మంది ముందు ఓడినట్టవుతుంది, ఆ గెలుపు మీకెందుకు? నాకు తోచింది, మీరు తీసిన టాస్క్ మేనేజర్ ఫోటోలు గ్రూపులో కాకుండా ఆయనకు విడిగా పంపి, “బావగారూ, సేవ్ కొడితే ఇలా చూపిస్తోంది, ఇది దేనివల్లో మీకైతే తెలుస్తుంది” అని అడగడం. సాఫ్ట్‌వేర్ మనిషి, ఆ గ్రాఫులు చూస్తే అర్థమవుతుంది. చూసి ఎస్ఎస్‌డీ వేయించమంటే అది మొదటి దారే, నష్టం లేదు. డెస్క్‌టాపే మేలంటే ఏ మానిటర్ బాగుంటుందో ఆయన్నే చూడమనండి, కొన్నది ఆయన సలహాతోనే అన్న పేరు ఆయనకే ఇవ్వండి, మీకు పోయేదేముంది. చూసి కూడా “ఐ7 ఐ7యే” అని భీష్మించుకుంటే, అప్పుడు మీ ఆయన్ను కూర్చోబెట్టి స్టూడియో ఆయన నెల్లూరుకు పంపిన సగం ఆల్బమ్‌లకు ఎన్ని షీట్లు, షీటుకు ఎంత, మొత్తం ఎంత పోయిందో కాగితం మీద రాసి చూపించండి. లెక్కలు రాసే మనిషి, ఆయనకు ఈ భాష బాగా తెలుసు. అన్నతో మాట్లాడాల్సింది అప్పుడు ఆయన, మీరు కాదు.

ఎప్పుడు మార్చాలన్నది కూడా ఆలోచించుకోండి. ముహూర్తాల మధ్యలో మెషీన్ మారిస్తే ఫాంట్లు, బ్రష్‌లు, యాక్షన్లు అన్నీ కొత్తదాంట్లో పెట్టుకునేసరికి వారం పోతుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, స్టూడియోలు ఖాళీ, అప్పుడు చేయండి, శ్రావణానికి చేయి తిరుగుతుంది.

ఏ దారి పట్టినా, ల్యాప్‌టాప్‌ను దులపడానికి విప్పించే ముందే, అంటే ఈ వారమే, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని పెళ్లిళ్ల ఒరిజినల్ ఫోటోలూ పీఎస్‌డీలూ అన్నీ కాపీ చేసుకోండి. పదేళ్లు తిరిగిన హార్డ్ డిస్క్ అది, మధ్యమధ్యలో టిక్ టిక్ అంటోందని మీరు రాశారు, ఆ చప్పుడు మంచిది కాదు. స్టూడియో వాళ్లు మెమరీ కార్డులు ఖాళీ చేసేసి ఉంటారు, వాళ్ల దగ్గర రెండో కాపీ ఉందో లేదో ఇవాళే ఫోన్ చేసి అడగండి.